సోలెడు గింజల జామీను

పోయినవి ముందు రాస్తాను.

రెండు వందల పాదుల్లో ఇరవై ఆరు మొలవలేదు. పద్దెనిమిదింటిని మొలకప్పుడే మేకలు తిన్నాయి. మిగిలిన నూట యాభై ఆరు పాదులకు, పాదుకు పావు కిలో చొప్పున, మొదటి కోతకు ముప్పై తొమ్మిది కిలోల చిక్కుడుకాయ రావాలి. అందులో ఒక్క కాయ కూడా ఎవరి నోట్లోకీ పోలేదు. ఇది కాక ఒక పార పోయింది. ముప్పై మీటర్ల టేపు ఒకటి పదహారో మీటరు దగ్గర తెగిపోయింది. నా ఆదివారాలు పదకొండు, తొమ్మిదో తరగతి వాళ్ల శనివారాలు ఇరవై రెండు పోయాయి. నా లెక్క తప్పదని ఈ చుట్టుపక్కల ఒక పేరుండేది, అదీ పోయింది. దాన్ని తూచలేను కాబట్టి మొత్తంలో కలపడం లేదు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా లెక్కలన్నీ పత్తి కాంటా దగ్గర కూర్చుని నేర్చుకున్నవి. టేకులపల్లి రోడ్డులో ఇప్పటికి పదిహేడేళ్లుగా తూకాలు రాస్తున్నాను. బండి ఎత్తు చూసి బరువు చెబితే పది కిలోలకు మించి తేడా రాదు. భూమి కొలవాలన్నా, కరెంటు బిల్లు సరిచూడాలన్నా, గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో చెప్పాలన్నా జనం నా దగ్గరికే వస్తారు. మా తాత కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. నేను పుట్టింది ఇక్కడే. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. ఇన్నేళ్లు ఇక్కడే ఉన్నవాడు కూడా ఎంత తెలివితక్కువ పని చేయగలడో తెలియాలని చెబుతున్నాను.

రెండేళ్ల కిందట జూన్‌లో హైస్కూలు సైన్సు సారు బండి వేసుకుని కాంటా దగ్గరికి వచ్చాడు. తొమ్మిదో తరగతి పిల్లలు పుస్తకం పక్కన పెట్టి చేతులతో ఏదైనా చేసి నేర్చుకోవాలని పైనుంచి కాగితం వచ్చిందట. ఒక ప్రాజెక్టు ఉండాలి, దానికి బయటి నుంచి ఒక స్థానిక నిపుణుడు ఉండాలి, ప్రతి వారం ఫోటో పంపాలి. సారు కూరగాయల తోట అనుకున్నాడు. నిపుణుడు నేనే అన్నాడు. తోట పని నాకు రాదండీ, లెక్కలొచ్చు అన్నాను. అదే కావాలి, కొలత, అంచనా, తూకం, జీవితానికి పనికొచ్చేవి అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. నన్ను నిపుణుడని అంతకు ముందు ఎవరూ అనలేదు.

మొదటి శనివారమే నాకు చిరాకు మొదలైంది. ఏడేళ్లప్పటి నుంచి తండ్రితో పొలానికి వెళుతున్న పిల్లలకు పార పట్టుకోవడం ఎలాగో సారు చూపించాడు. చార్టు మీద బొమ్మ వేసి మరీ తెచ్చాడు. ముప్పై నాలుగు మంది వరసగా నిలబడి చూశారు. వెనక వరసలో ఒకడు నెమ్మదిగా, "సార్, పార గట్ల పడితే కాలు పోతది" అన్నాడు. సారు వినలేదు. విన్నవాళ్లందరూ నేలచూపులు చూశారు. తర్వాత ఫోటో దిగారు. పారలు ఐదే ఉన్నాయి, అందుకని ఐదుగురు ఐదుగురుగా ఏడు ఫోటోలు. చివరి ఫోటోలో నలుగురే కావడంతో నన్ను నిలబెట్టారు.

వాళ్లకు రానిది లెక్క. దాని కోసమే నేను వెళ్లాను కాబట్టి అది చెప్పాలి. వరసకు ఇరవై పాదులు, పాదుకు పాదుకు నాలుగడుగులు. మొదటి పాదు నుంచి చివరి పాదుకు ఎంత దూరం? ఎనభై అడుగులు అన్నారు అందరూ. సారు కూడా ఎనభై అన్నాడు. డెబ్బై ఆరు అన్నాను. సారు ముఖం మాడింది. ఇరవై నాలుగుల ఎనభై కాదా అని నన్ను పిల్లల ముందు అడిగాడు. నేను టేపు తీయబోతుంటే ఒక పిల్ల చెయ్యి పైకెత్తి, బొటనవేలు ముడిచి, నాలుగు వేళ్లు విడదీసి చూపించింది. "వేళ్లు నాలుగు, సందులు మూడే గద సార్" అంది. అంతే. టేపు అక్కర్లేకపోయింది.

ఆ పిల్లకే లెక్కల నోట్‌బుక్ ఇచ్చాను. గూడెం నుంచి నడిచి వచ్చేది. రాత గుండ్రంగా, అంకెలు ఇంకా గుండ్రంగా ఉండేవి. ఒకసారి రాసింది కొట్టివేసేది కాదు. తప్పు వస్తే పక్కనే 'తప్పు' అని రాసి కింద మళ్లీ రాసేది. కాంటా దగ్గర పుస్తకం కూడా అలాగే రాయాలి. నేను చెప్పకుండానే ఆ పిల్లకు అది వచ్చింది.

గింజల పాకెట్లు వస్తాయని సారు రెండు వారాలు చెప్పాడు. రాలేదు. అడిగితే ఇండెంటు పెట్టాను అన్నాడు. వాన పడి నేల మెత్తబడింది, పాదులు తవ్వి ఉన్నాయి, గింజలు లేవు. అప్పుడు ఆ పిల్ల, మా అవ్వ దగ్గర చిక్కుడు గింజ ఉంది, అడుగుదాం అంది.

అవ్వ ఇల్లు గూడెంలో చివరిది. దూలానికి వేలాడదీసిన ఎండు సొరకాయ బుర్రను దింపి, మూతికి కుక్కిన గుడ్డ తీసి, బూడిదతో సహా గింజలు చేటలో పోసింది. నల్లటి గింజ, అంచున సన్నటి తెల్లగీత. అలాంటిది నేను అంగట్లో చూడలేదు. ఉన్నదాన్ని రెండు కుప్పలు చేసింది. ఒక కుప్ప తనకు విత్తడానికి. రెండో కుప్పలోంచి వెదురు గొట్టంతో చేసిన సోల నిండా పోసి, పైన అరచేత్తో రాసి సమం చేసింది.

"ఎవల పేరు మీద ఇయ్యాలె?" అని అడిగింది.

"నా పేరు మీదనే అవ్వా" అంది పిల్ల.

"జామీను ఎవలు?"

సారు ఫోను చూసుకుంటున్నాడు. నేనుంటాను అన్నాను.

అవ్వ నన్ను చాలాసేపు చూసింది. చూపు సరిగా ఆనడం లేదని ఆ తర్వాతి మాటతో తెలిసింది. "గింజ పోయి గింజ సక్కగ తిరిగొస్తే ఈ బుర్ర ఇగ దీని చేతికే ఇస్త. నా కండ్లు కనపడ్తలేవు. రాకపోతే మాత్రం ఇయ్య" అంది. ఆ తర్వాత కోయ భాషలో పిల్లతో ఏదో అంది. పిల్ల తలూపింది. ఏమందని దారిలో అడిగితే, ఆ బుర్రలో గింజ అవ్వకు వాళ్ల అవ్వ ఇచ్చిందట, ఒక్క ఏడు కూడా తప్పలేదట అని చెప్పింది.

గింజ అప్పుకు మా దగ్గర నాగు ఉంటుంది. సోల తీసుకుంటే పంటకు సోలన్నర ఇవ్వాలి. పంట తప్పితే ఆ సోలన్నర మీద మళ్లీ సగం పెరుగుతుంది. సోలకు నాలుగు గిద్దలు. పిల్లలకు ఈ కొలతలు తెలుసు కానీ గ్రాములు తెలియవు, సారుకు గ్రాములు తెలుసు కానీ ఇవి తెలియవు. రెండూ పక్కపక్కన రాయించాను. ఆ సోలెడూ లెక్కపెట్టించాను. ఎనిమిది వందల ఇరవై ఆరు గింజలు. ఇరవై తీసి తడి గోనె మీద పరిస్తే పద్దెనిమిది మొలకెత్తాయి. పాదుకు నాలుగు చొప్పున ఎనిమిది వందలు నాటారు. ఆరు మిగిలాయి. వాటిని ఏం చేయాలని పిల్ల అడిగింది. లెక్కలో ఉన్నవి కనపడాలి, ఎక్కడైనా అంటించి పెట్టు అన్నాను. నోట్‌బుక్ వెనక అట్టకు లోపలి వైపు టేపు వేసి అంటించి, పక్కన '6' అని రాసింది.

పంట బాగా వచ్చింది. అది నా గొప్ప కాదు. పందిరి ఎలా కట్టాలో, పురుగు పడితే ఏం చల్లాలో పిల్లలే చూసుకున్నారు. నేను ప్రతి శనివారం పది పాదుల్లో గుత్తులు లెక్కపెట్టించి, మొత్తానికి అంచనా వేయడం నేర్పాను. నవంబరు మూడో వారానికి మొదటి కోత ముప్పై తొమ్మిది కిలోలని తేల్చాం. హెచ్చెమ్ ముందర, టీచర్లందరి ముందర ఆ అంకె చెప్పాను. ఒక కిలో అటూ ఇటూ అయితే కాంటా వదిలేస్తానని కూడా అన్నాను. ఆ మాట అవసరం లేదు.

తనిఖీ మరునాడు పదకొండింటికని సారు ఫోను చేశాడు. కోసిన కాయ తూచి చూపించాలి, మధ్యాహ్నం సాంబారులో వేయించి పిల్లలకు వడ్డించాలి, ఫోటో తీయాలి. నేను పొద్దున్నే తూకం మిషను పట్టుకుని వెళ్లాను. బుట్టలు పంచాను. తెంపండి అన్నాను.

ఎవరూ కదల్లేదు. గూడెం పిల్లలు ఇరవై ఐదుగురు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. మా వైపు రైతుల పిల్లలు తొమ్మండుగురు వాళ్ల వంక చూసి బుట్టలు కింద పెట్టేశారు.

"ఏం, చేతులు నొస్తున్నాయా?" అన్నాను.

"కొత్త కాలే సార్" అంది నోట్‌బుక్ పిల్ల.

"ఏంటి కాలేదు?"

"చిక్కుడు కొత్త. పెద్దోళ్లు ఇంక రోజు పెట్టలే. కొత్త కాకముందు తెంపొద్దు, తినొద్దు."

కొత్త కాయను దేవతకు పెట్టి, ఊరంతా కలిసి పండుగ చేసుకున్నాకే ముట్టుకుంటారు. అది నేను ఎరగనిది కాదు. డప్పులు వినపడతాయి, ఆ రోజు కాంటాకు బళ్లు రావు. ఈ ముక్క జూలైలోనే ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"మీరు అడగలే గద సార్" అంది. ఎదిరించినట్టు కాదు, నోట్‌బుక్‌లో రాసినట్టు చెప్పింది. "ఎన్ని కాస్తయని అడిగిన్రు. ఎప్పుడు తెంపుతరని అడగలే."

సారుతో వాయిదా వేయించమన్నాను. పైవాళ్ల టూరు మారదు అన్నాడు. ఒక్క బుట్ట చాలు, ఫోటో మందం అన్నాడు. నేను తప్పంతా సారు మీద పెట్టగలిగితే బాగుండేది. కానీ నన్ను తోటలోకి నెట్టింది సారు కాదు. ముప్పై తొమ్మిది అని చెప్పి, మిషను మీద సున్నా చూపించడం నా వల్ల కాలేదు. నేనే రెండు బుట్టలు తీసుకుని పందిరి కిందికి వెళ్లి కోశాను. ముప్పై నాలుగు మంది చూస్తూ నిలబడ్డారు. ఒక్కరు వద్దనలేదు. వద్దంటే ఆగేవాడినేమో. ఆ పిల్ల మాత్రం అటు తిరిగి నిలబడింది.

తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు. అంతకు మించి నా నడుము సహకరించలేదు.

తనిఖీకి వచ్చినాయన చాలా మెచ్చుకున్నాడు. కాయ పట్టుకుని ఫోటో దిగాడు. సారు ఫారంలో దిగుబడి ముప్పై తొమ్మిది కిలోలు అని రాశాడు. కోసింది తొమ్మిదిన్నర కూడా లేదు కదండీ అంటే, అంచనా మీదే కదా, మీ అంచనా తప్పా అని నన్నే అడిగాడు. తప్పు కాదు. అదే నా బాధ. ఆ కాగితం ఇప్పటికీ ఏదో ఆఫీసులో ఉండి ఉంటుంది. ఏ బీరువాలో వెతికినా నా తోట సక్కగా పండినట్టే ఉంటుంది.

వంట చేసే ఆవిడ బుట్టలు చూసి కొంగు దోపుకుని, "నా చేత్తోటి వండ. ఏమనుకోకు అన్నా" అంది. పప్పుచారు పెట్టింది. బుట్టలు వరండాలో నాలుగు రోజులు ఉన్నాయి. ఇంటికి తీసుకుపోదామంటే నాకే సిగ్గనిపించింది. ఐదో రోజు ఎవరో తీసి కంపోస్టు గుంటలో పోశారు.

ఆ రోజు నోట్‌బుక్ అడిగి తీసుకుని చూశాను. గుండ్రటి రాతతో ఇలా ఉంది: 'తెంపినది: 9 కిలోల 400. తెంపింది: కాంటా సార్. తిన్నది: ఎవరూ లేరు.' జిల్లా ఎగ్జిబిషన్‌కు ఆ నోట్‌బుక్ పంపరాదని సారు బీరువాలో పెట్టి తాళం వేశాడు.

పద్దెనిమిది రోజులకు పండుగ అయింది. ఆ రోజు కాంటా దగ్గర పని లేక పాత పుస్తకాలు దింపి చూశాను. అప్పటికి పదిహేనేళ్ల పుస్తకాలు. ప్రతి ఏడూ ఆ కాలంలో ఒక రోజు ఖాళీగా ఉంది. 'లోడు రాలేదు' అని పదిహేనుసార్లు నా చేత్తోనే రాసి ఉంది. తేదీ ఏటేటా మారుతోంది. ఎందుకు రాలేదని పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా నాకు అడగాలనిపించలేదు. లోడు లేని రోజు నా లెక్కలో సున్నా, సున్నా కూడితే మొత్తం మారదు కదా.

పండుగ అయ్యాక తెంపొచ్చు. కానీ ఆ తోటలోకి పిల్లలెవరూ అడుగు పెట్టలేదు. నేను చెయ్యి పెట్టిన పందిరి. కాయలు తీగ మీదే ఎండాయి. జనవరి సెలవుల్లో కంచె సందులోంచి మేకలు మళ్లీ దూరాయి. ఈలోపే నేను రెండు ఆదివారాలు కూర్చుని ఎండుకాయ ఏరి, ఒలిచి, చెరిగి, పుచ్చు గింజ తీసేసి సోలన్నర కొలిచాను. పైన ఇంకో గిద్ద మర్యాదకు వేశాను. అవ్వ ఇంటికి వెళ్లాను. పిల్ల కూడా ఉంది.

అవ్వ గింజలను వేళ్లతో తడిమింది. నా వైపు తోసింది.

"నా గింజలు కావియి" అంది.

మీరిచ్చిన సోలలోంచి వచ్చినవే, లెక్క ఉంది అన్నాను.

"లెక్క ఉన్నది. కొత్తకు ముందు చెయ్యి పడ్డ పాదుల గింజ. ఇది బుర్రల వడితే ఉన్న గింజ గుడ పోతది." ఆ మీదట, "నీ మీద కోపం లేదయ్యా. జామీను ఉన్నవ్, గుర్తుంచుకో" అంది.

దూలం కింద బుర్ర వేలాడుతూనే ఉంది. పిల్ల దాని వైపు చూడకుండా నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తిడితే బాగుండు అనిపించింది. మాట తప్పింది ఆ పిల్ల కాదు, నేను. కానీ అప్పు ఆ పిల్ల పేరు మీద ఉంది.

మరుసటి ఏడు తోట స్థలంలో సైకిళ్ల షెడ్డు వేశారు. తొమ్మిదో తరగతికి కాగితం సంచుల ప్రాజెక్టు వచ్చింది. వాటికి లెక్క ఏముంటుంది, నన్ను పిలవలేదు. నేను కొత్తగూడెం అంగడిలో చిక్కుడు గింజ కొని తీసుకెళ్లాను. అవ్వ వాసన చూసి నవ్వింది. బూర్గంపాడు వైపు ఒక గూడెంలో నల్ల గింజ ఉందంటే వెళ్లి తెచ్చాను, ఖర్చు రాయను. అది కూడా కాదంది. అంచున గీత లేదు. అప్పటికి నాగు మీద నాగు కలిపి రెండు సోలల మీద గిద్ద అయింది. ఇలా పెరుగుతోందని చెబితే, "గదంత నాకెందుకు, నీకెరికేగా" అంది. తనకు ఆ లెక్క పట్టదు. నాకు పట్టకుండా ఎలా ఉంటుంది?

పిల్ల పది పాసై ఇల్లెందులో ఇంటర్ చేరింది. సెలవులకు వస్తుంది. బస్సు దిగి కాంటా ముందు నుంచే నడిచి పోతుంది. బాగున్నారా సార్ అంటుంది. బుర్ర సంగతి తనూ అనదు, నేనూ అడగను.

ఈ ఏడు మే నెలలో సైన్సు సారుకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. బీరువా ఖాళీ చేస్తూ ఆ నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. మీ జ్ఞాపకంగా ఉంచుకోండి అన్నాడు. ఇన్నాళ్లూ అక్కడే ఉందా అని నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి తిరగేస్తే వెనక అట్ట లోపల టేపు కింద ఆరు గింజలున్నాయి. పక్కన '6'.

మర్నాడే నోట్‌బుక్ పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమె గోటితో టేపు గీకి, ఒక్కో గింజ అంచూ తడిమింది.

"ఇవి నావే" అంది. "విత్తు. ఈసారి ఆగు."

మా దొడ్లో నాటాను. రెండేళ్లు దాటిన గింజ, ఆరింట్లో రెండే మొలిచాయి. రెండూ పందిరంతా పాకాయి. ఇప్పుడు కాయ నిండా ఉంది. మా ఆవిడ పది రోజులుగా పోరుతోంది. కూరకి నాలుగు కాయలు తెంపితే ఏమవుతుంది, ముదిరిపోతున్నాయి అంటుంది. కొత్త కాలేదు అన్నాను. "మీకెప్పటి నుంచి?" అని అడిగింది. వంకాయ వండింది.

గుత్తులు లెక్కపెట్టాను, అది మానలేను. నూట పద్దెనిమిది. గుత్తికి ఐదు కాయలు, కాయకు నాలుగు గింజలు వేసుకుంటే రెండు వేల మూడు వందల అరవై. బాకీకి కావలసింది రెండు వేల ఏడు వందల ఎనభై ఎనిమిది. నాలుగు వందల ఇరవై ఎనిమిది తక్కువ పడుతున్నాయి. తీగ చివర్లలో ఇంకా పూత ఉంది, చూడాలి. ఈ లెక్క ఈసారి ఎవరికీ చెప్పలేదు.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు ఆ పిల్ల దొడ్డి కంచె దగ్గర నిలబడి పందిరి వైపు చూసింది. తెంపిన తొడిమ ఎక్కడైనా ఉందేమోనని చూస్తోందని నాకు తెలుసు. ఒక్కటి కూడా లేదు. పెద్దవాళ్లు రోజు పెట్టారా అని అడిగాను. ఇంకా పెట్టలేదంది.

ఈ రోజుకు నా మీద ఉన్న బాకీ మూడు సోలల మీద గిద్దన్నర.